తాంబాళంలో మూడో వైపు

బిరాన్ పారిపోయాడని ఇన్‌స్పెక్టర్ గాస్పరె కన్నాటా తేల్చేశాడు. అతను ఆ ఫ్లాటులో అడుగుపెట్టి పది నిమిషాలైనా కాలేదు. చాప మీద ఉన్న ఎనామిల్ తాంబాళంలో అన్నం అడుగున ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"రేపు పదింటికి కోర్టు. ఇవాళ సాక్షి లేడు. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవడానికి ఏముంది మేడమ్? భయమేసింది. సుష్టుగా తిన్నాడు, వెళ్ళిపోయాడు. నేనైనా అదే చేసేవాణ్ణి. తినకుండా మాత్రం కదిలేవాణ్ణి కాదు."

గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

చెప్పవలసినది చాలా ఉంది, వేళ తక్కువ ఉంది. మొన్న వేసవిలో దక్షిణ తీరపు టమాటా షెడ్డులో ఎండదెబ్బకు పడిపోయిన ఒక కూలీని యజమాని మనుషులు వ్యానులో ఎక్కించారు. ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఊరి బయట రోడ్డు పక్కన దించి వెళ్ళిపోయారు. అతను అక్కడే పోయాడు. ఆ వ్యాను నడిపినది ఎవరో చూసినవాళ్ళు షెడ్డు నిండా ఉన్నారు. చెబుతానన్నవాడు బిరాన్ ఒక్కడే.

అతనికి పోలీసు కాపలా వద్దని, యూనిఫాం కనబడితే చోటు బయటపడుతుందని, మా సంఘమే అతన్ని కాపాడుకుంటుందని జడ్జిగారి ముందు నిలబడి చెప్పినది నేను. పలెర్మోలో ఆఫ్రికా నుంచి వచ్చిన మావాళ్ళకు పని, నీడ, వకీలు, మందు చూసే 'జాపలే' సంఘానికి అధ్యక్షురాలిని. రోఖయా సెక్ అంటే సంతలో కూరగాయలమ్మే సిసిలీ ఆడవాళ్ళకు కూడా తెలుసు. ఈ ఫ్లాటు సంగతి తెలిసినది ఇద్దరికే: నాకు, పదహారేళ్ళుగా నాతో సంఘాన్ని మోస్తున్న సీదీ అన్నకు. అన్న సంఘం వంటింట్లో వండి, కుండను సంచిలో పెట్టుకుని వచ్చి, తలుపు దగ్గర బిరాన్ చేతికి ఇచ్చి వెనక్కి తిరగాలి. లోపలికి రాకూడదు. అది మేము పెట్టుకున్న నియమం. నేను మధ్యాహ్నం మూడింటికి వచ్చి బిరాన్‌తో కాసేపు కూర్చుంటాను. ఇవాళ వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది, మనిషి లేడు.

"మీరే దాచుకుంటామన్నారు," అన్నాడు కన్నాటా, నా మనసులోని మాటను పైకి తీసినట్టు. "దాచుకున్నారు. ఎంత బాగా దాచుకున్నారంటే ఇప్పుడు మీకే దొరకడం లేదు."

నేను చాప అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ తాంబాళంలో ఎంతమంది తిన్నారంటారు?"

"ఒక్కడు. మంచి ఆకలి మీద ఉన్నవాడు."

"ఒక్కడు తింటే ఈ గట్లు ఎందుకు మిగిలాయి?"

అతను వంగాడు. అతను మొరటువాడే గాని మూర్ఖుడు కాడు. ఎర్రటి చేప అన్నం గుండ్రంగా పరిచి ఉంది. నడుమ చేప వెన్నుముల్లు, కర్రపెండలం తొక్క, సగం క్యాబేజీ. అంచు వెంబడి మూడు చోట్ల అన్నం లోపలికి దిగి ఉంది. ఆ మూడు పల్లాల మధ్య ఎవరూ ముట్టని గట్లు ఉన్నాయి.

"మా ఇళ్ళలో ఒకే తాంబాళం చుట్టూ కూర్చుంటే ఎవరి ముందున్నది వారిదే. పక్కవాడి వైపు చెయ్యి పోదు. నడుమనున్న చేపను పెద్దవాడు తుంచి తలా కొంచెం ముందుకు తోస్తాడు. ఇక్కడ ముగ్గురు కూర్చున్నారు. ఈ రెండు వైపులా చేత్తో తిన్నారు. ముద్ద చేసిన ఒత్తిడి కనబడుతోంది చూడండి. మూడో వైపు చెంచా."

"చెంచా," అన్నాడు కన్నాటా. ఆ మాట అతనికి రుచించింది. "అయితే మావాడు ఒకడు వచ్చాడన్నమాట. షెడ్డు యజమాని వకీలో, గుమాస్తానో. వచ్చాడు, బేరం కుదిర్చాడు, తీసుకుపోయాడు. సరే మేడమ్, మీరన్నట్టే అనుకుందాం, పారిపోలేదు. అమ్ముడుపోయాడు. మీకు ఇది ఇంకా బాగుందా?"

"మూడో వైపు ఇంకా చూడలేదు మీరు."

"ముట్టుకోకండి."

"అయితే మీరే ముట్టుకోండి."

అతను జేబులోని పెన్ను తీసి, మూత పెట్టి ఉన్న కొసతో ఆ పల్లంలో అన్నాన్ని పక్కకు తోశాడు. పైన వేలెడు మందం కదిలిన అన్నం. దాని కింద చేప పొట్టముక్క, చెయ్యంత ఉంది, చర్మం కూడా చిట్లలేదు. ఇంట్లో అందరికంటే గౌరవించవలసినవాడి ముందు పెట్టే ముక్క అది. ఆ వైపు అన్నం తగ్గలేదు. నొక్కడం వల్ల తగ్గినట్టు కనబడింది. కూర్చున్నవాడు చెంచాతో కలిపాడు, గీశాడు, మోగించాడు. ఒక్క మెతుకు నోట పెట్టలేదు.

"మీ కారానికి భయపడి ఉంటాడు," అన్నాడు కన్నాటా, కాని ఈసారి కానిస్టేబుల్ వైపు చూడలేదు.

"మీవాళ్ళు ఎందరో మా సంఘంలో భోజనానికి కూర్చున్నారు. తెలియనివాడు ముందు నడుమకు చెయ్యి పెడతాడు. లేదా పక్కవాడి ముందున్న మంచి ముక్క లాక్కుంటాడు. నచ్చకపోతే నాకు పడదని నవ్వుతూ చెప్పి పక్కన పెడతాడు. మేమేమీ అనుకోం. ఇతను తన హద్దు దాటలేదు. గట్టు చెరపలేదు. తినకుండా తిన్నట్టు కనబడడానికి ఇంత కష్టపడ్డాడు. ఎందుకు? తినకపోవడమంటే మా దగ్గర అర్థమేమిటో అతనికి తెలుసు. తెలియనివాడైతే తినేవాడు. తెలిసినవాడు గనకనే తినలేదు."

"అంటే?"

"ఒక తాంబాళంలో కలిసి తిన్నవాడికి ఆ రోజు హాని తలపెట్టడమంటే మావాళ్ళలో ఎంత చెడ్డవాడికైనా చెయ్యి ఆడదు. అందుకని ముందే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వచ్చినవాడు మావాడే."

కన్నాటా పెన్ను తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు. "కోర్టులో జడ్జిగారికి చెబుతాను. నిందితుడు అన్నం తినలేదు కాబట్టి ఆఫ్రికావాడని."

* * *

కింది అంతస్తులో నున్సియమ్మ తలుపు గొలుసు తీయకుండా, నాలుగు వేళ్ళ సందులోంచి మాట్లాడింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, ఆ మెట్ల మీద ఎవరు ఎక్కినా దిగినా ఆమె చెవి దాటిపోదని అద్దెకు దిగిన రోజే నాకు అర్థమయింది.

"పోలీసులొచ్చారంటే చచ్చాడా?" అని అడిగింది.

"ఎవరమ్మా?" అన్నాడు కన్నాటా.

"నాకేం తెలుసు? చచ్చినోడు."

"ఎవరూ చావలేదు. మధ్యాహ్నం పైనుంచి ఎవరైనా దిగారా?"

"ముగ్గురు. రెండున్నరకు నా సీరియల్ మొదలవుతుంది, ఆ పాట వస్తుండగా దిగారు. పాట వినబడనిచ్చారా? ఒకడు కాలీడుస్తాడు. ఒకడివి రబ్బరు బూట్లు, కీచుమంటాయి. ఇంకోడివి తోలువి, పెళ్ళికి వేసుకుంటారే అలాంటివి."

"కొట్లాట ఏమైనా? అరుపులు?"

"అరిస్తే నేనూ అరిచేదాన్ని. నెమ్మదిగా దిగారు. ఆ తోలు బూట్లోడు నా తలుపు దగ్గర ఆగి, అమ్మా, నీ వంకాయ వాసనకు పైన మా అన్నం చప్పగా అయిపోయింది అన్నాడు. ఎంత చక్కగా అన్నాడో. అచ్చం మన వీధి మాట. మా ఆయనకు కూడా అంత బాగా వచ్చేది కాదు, ఆయనది కటానియా ఊరు."

కన్నాటా నా వంక చూశాడు. మెల్లగా, తొందర లేకుండా చూశాడు. "మన వీధి మాట. విన్నారా మేడమ్?"

"మొహం చూశావా నున్సియమ్మా?" అని అడిగాను.

"తలుపు తియ్యలేదు తల్లీ. నైటీలో ఉన్నా. మాట అంత బాగుంటే మొహం కూడా బాగుంటుందిలే అనుకున్నా."

ఆమె చెప్పినదాంట్లో కన్నాటాకు ఒక మాట పనికొచ్చింది. నాకు ఇంకొకటి తగిలి, లోపల గుచ్చుకుని, అక్కడే ఉండిపోయింది. కాలీడ్చేవాడు ఒకడు.

బ్యాగు మరచిపోయానని చెప్పి నేను ఒక్కదాన్నే పైకి వెళ్ళాను. కానిస్టేబుల్ అడ్డు చెప్పలేదు.

వంటింట్లో పొయ్యి పక్కన ఒక పళ్ళెం, దాని మీద మూత. మా ఇళ్ళలో వడ్డించకముందే రావలసినవాడి వాటా తీసిపెడతారు. దాని కోసం నేను పైకి రాలేదు, దాన్ని చూస్తానని భయపడుతూ వచ్చాను. ఇక్కడున్నన్నాళ్ళూ బిరాన్ రోజూ నాకు తీసిపెట్టేవాడు. అతని తీసిపెట్టడం కలగాపులగం: అన్నీ ఒకచోట కుమ్మరించి, చేప పైన పడేసి, "తిను అక్కా" అని ముందుకు తోయడం. నేను మూత ఎత్తాను.

కుండ అడుగున మాడిన అన్నం ఒక వైపు, పెచ్చు విరగకుండా. చేదు వంకాయ నిలువుగా చీల్చి దాని పక్కన. నూరిన గోంగూర ముద్ద రెండో వైపు, మాడుకు తగిలి అది మెత్తబడకుండా, మధ్యలో వేలెడు ఖాళీ. క్యారెట్ లేదు. నేను క్యారెట్ తిననని ప్రపంచంలో ఒక్కరికి గుర్తుంటుంది.

మా గుమ్మం దాటి వచ్చిన ఏ మనిషినీ ఇన్నేళ్ళలో నేను 'ఎలా వచ్చావు, ఏం చేసి వచ్చావు' అని అడగలేదు. సముద్రం మీద వాళ్ళను అడిగారు, రేవులో అడిగారు, దఫ్తరుల్లో అడిగారు. ఒక్క ఇల్లయినా అడగని ఇల్లు ఉండాలనుకున్నాను. అడగకపోవడమే గౌరవమని నమ్మాను. కాని అడగని ఇంట్లో మనిషి సుఖంగా ఉంటాడా, ఒంటరిగా ఉంటాడా అన్నది నేను ఎప్పుడూ తేల్చుకోలేదు. ఇప్పుడు తేల్చుకునే వ్యవధి లేదు. అడగవలసినది సీదీ అన్నను.

మూత మళ్ళీ యథాతథంగా పెట్టాను. కిందికి దిగి కన్నాటాకు ఆ సంగతి చెప్పలేదు.

* * *

చెప్పకపోయినా అతను తన లెక్కలో తాను సీదీ అన్నను స్టేషనుకు పిలిపించాడు. సంచి మోసినవాడు గనక. మేము చేరేసరికి అన్న రెండో అంతస్తులో ఒక గదిలో, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఎడమ మోకాలు చాలాకాలంగా వంగదు. చేతిలో జపమాల ఉంది కాని పూసలు కదలడం లేదు.

"వాంగ్మూలం మీ భాషలోనే ఇస్తానంటున్నాడు," అన్నాడు కన్నాటా. "ఇరవయ్యేళ్ళుగా మా చేపల బజారులో మాతో బేరమాడుతున్నాడు, ఇవాళ మాత్రం ఇటాలియన్ మరిచిపోయాడు. దుబాసీకి కబురు పెట్టాను, వస్తున్నాడు. అంతవరకు పెద్దాయన దగ్గర కూర్చోండి. బోధలు మాత్రం చెయ్యకండి."

అతను తలుపు వేసుకుని వెళ్ళాడు. నేను అన్న ఎదుట కూర్చున్నాను.

"పోలీసులతో ఏం చెప్పావన్నా?"

"తలుపు దగ్గర ఇచ్చి వచ్చేశానని."

"ఇవాళ నా వాటా ఎవరు తీసిపెట్టారు?"

"బిరానే తీసిపెట్టి ఉంటాడు. నన్నడుగుతావేంటి?"

"గోంగూర మాడుకు తగలకుండా పెట్టాడా బిరాన్?"

ఆయన నా మొహం వంక చూడలేదు. జపమాలను అరచేతిలో ముడిచి, పిడికిలి మూసుకున్నాడు.

"అలవాటు పడ్డ చెయ్యి రోఖయా. తియ్యకుండా వడ్డించడం దానికి చేతకాదు."

"లోపలికి ఎందుకు వెళ్ళావు?"

"మతార్ వచ్చాడు."

ఆ పేరు వినగానే నాకు కోపం రాలేదు. ఖాళీగా అనిపించింది. మతార్ న్యాంగ్ ఈ నగరంలోనే పెరిగినవాడు. వాళ్ళమ్మ బల్లారో సంతలో బట్టలు అమ్మేది. బడిలో మొదటివాడు, కోర్టులో దుబాసీ, మా సంఘంలో ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా పిలిస్తే వచ్చేవాడు. రేపు బిరాన్ చెప్పబోయే ప్రతి మాటా అతని నోటిగుండానే జడ్జిగారికి చేరవలసి ఉంది.

"వాడు సంఘానికి వచ్చాడు," అన్నాడు అన్న. "ఫ్లాటు సంగతి బయటికి పొక్కింది, షెడ్డు మనుషులకు తెలిసిపోయింది, ప్రాసిక్యూటరు గారు ఇవాళే వేరే చోటికి మార్చమన్నారు అన్నాడు. నీకు ఫోన్ చెయ్యబోతే ఆపాడు. నీ ఫోన్ వింటున్నారంట. రాత్రికి తానే నీకు చెబుతానన్నాడు."

"నమ్మేశావా?"

"అంత తేలిగ్గా నమ్ముతానా? నేనేమన్నా నిన్న ఓడ దిగానా?" అన్న గొంతులో రోషం తొంగిచూసింది, వెంటనే చల్లారింది. "పరీక్ష పెట్టాను. ముందు మాతో తిను, తర్వాత తీసుకుపో అన్నాను. తింటానన్నాడు. కూర్చున్నాడు. చెంచా ఇమ్మన్నాడు. కోర్టు నుంచి వచ్చాను, చొక్కా పాడవుతుందన్నాడు. పొట్టముక్క వాడి ముందు పెట్టింది నేనే. తిన్నాడు. అప్పుడు కదా నా మనసు కుదుటపడింది."

"తిన్నాడా?"

"తిన్నాడన్నాను కదా."

"చూశావా?"

ఆ ప్రశ్న ఆయనను ఎక్కడికి తీసుకుపోతుందో నాకు తెలుసు, ఆపలేకపోయాను.

"తినేవాడి చేతి వంక ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు సీదీ అన్న. "మా అమ్మ చెయ్యి విరగ్గొట్టేది. కళ్ళు నీ ముందున్న అన్నం మీదే ఉండాలి. ఎదుటివాడి ముద్ద లెక్కపెట్టేవాడు మనిషేనా?"

"అది వాడికి కూడా తెలుసన్నా. నువ్వు చూడవని తెలుసు. చేపను అన్నం కింద పూడ్చేశాడు. ఒక్క మెతుకు తినలేదు."

ఆయనను కొట్టినా అలా అయ్యేవాడు కాడేమో. కుర్చీలో ఉన్నచోటనే కొంచెం చిన్నవాడైనట్టు కనిపించాడు. మర్యాద మనిషిని మనిషికి దగ్గర చేస్తుందని మేము మా పిల్లలకు నేర్పుతాం. అదే మర్యాద ఒక మనిషి కళ్ళు కప్పి, పక్కనున్న ప్రాణాన్ని అప్పగించగలదని మాకు ఎవరూ నేర్పలేదు.

"బిరాన్ ఎలా వెళ్ళాడు? ఇష్టంగానా?"

"నేను వెళ్ళమన్నానని వెళ్ళాడు. కారు ఎక్కేటప్పుడు నా వంక చూశాడు. ఎక్కు నాయనా, మనవాడే అన్నాను." ఆయన గొంతు తగ్గింది. "కారులో ముందు సీట్లో ఇంకొకడున్నాడు. ఇటు తిరగలేదు. నన్ను సందు మలుపులో దించారు. చోటు చేరగానే ఫోన్ చేస్తానన్నాడు మతార్. చెయ్యలేదు."

"ఇది మొత్తం కన్నాటాకు చెప్పాలి. ఇటాలియన్‌లో, ఇప్పుడే. నేను పిలుస్తాను."

"నా మాట నమ్ముతాడా?"

"నా మాట నమ్మకపోయినా నీ మాట నమ్ముతాడు. నువ్వు నీ మీద నువ్వే చెప్పుకుంటున్నావు."

నేను లేచాను. తలుపు నా చెయ్యి తగలకముందే తెరుచుకుంది. కన్నాటా, అతని వెనక టైపు చేసే గుమాస్తా, గుమాస్తా వెనక శుభ్రమైన తెల్లచొక్కాలో మతార్ న్యాంగ్.

"అదృష్టం," అన్నాడు కన్నాటా. "పక్క కోర్టులోనే దొరికాడు. మెట్లెక్కుతూ కథంతా చెప్పాను. నా చెంచా సిద్ధాంతం ఇతనికి బాగా నచ్చింది."

"పిన్నీ," అన్నాడు మతార్, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని. "ఒంట్లో బాగుందా?"

"బాగుంది."

"ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారు."

"సంఘంలో పిల్లలు బాగున్నారా? అంతా ప్రశాంతమేనా?"

"ప్రశాంతమే."

ఈ పలకరింపు మధ్యలో ఆపడానికి వీలు లేనిది. అడిగినదానికల్లా బాగుందనే అంటాం. నా చెయ్యి అతని చేతుల్లో ఉంది. అతని చేతులు చల్లగా, తడిగా ఉన్నాయి. భయపడుతున్నాడని అర్థమయింది. భయపడుతున్న మనిషి నిబ్బరంగా ఉన్న మనిషికంటే ప్రమాదం.

"మేడమ్ ఉండొచ్చు, మాట్లాడకూడదు," అన్నాడు కన్నాటా కుర్చీ లాక్కుంటూ. "మీకు కష్టమని తెలుసు. మొదలుపెడదాం. పెద్దాయన్ని అడుగు: తలుపు దగ్గర కుండ ఇచ్చాక లోపలికి వెళ్ళాడా?"

మతార్ సీదీ అన్న వైపు తిరిగాడు. మా వొలోఫ్ భాషలో, ఆ ప్రశ్ననే విడమరిచి చెబుతున్నట్టు, అదే దఫ్తరు గొంతుతో అన్నాడు:

"పెద్దాయనా, బిరాన్ బతికే ఉన్నాడు. నేను గంట గంటకు ఫోన్ చేస్తేనే బతికుంటాడు. ఇక్కడ నన్ను పట్టుకుంటే చెయ్యలేను. ఆ తర్వాత షెడ్డు మనుషులు నా మాట కోసం ఆగరు. వాళ్ళు నా మాట వినేవాళ్ళు కాదు, నన్ను కూడా బెదిరించి గుప్పిట్లో పెట్టుకున్నారు. ఇప్పుడు ఏదో ఒకటి మాట్లాడు."

గుమాస్తా వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి. అక్కడ మా మాటలు కాగితం మీదికి ఎక్కవు. దుబాసీ ఇటాలియన్ మాత్రమే ఎక్కుతుంది.

"వాణ్ణి ఎక్కడ పెట్టావురా?" అన్నాడు సీదీ అన్న. గొంతు పెంచలేదు.

"వెళ్ళానంటున్నాడు," అన్నాడు మతార్ ఇటాలియన్‌లో. "ఇంతకు ముందు చెప్పింది నిజం కాదంటున్నాడు. బిరాన్ భయపడి ఏడిస్తే చూడలేక లోపలికి వెళ్ళాడట."

కన్నాటా కనుబొమలు లేచాయి. "బాగుంది. తిన్న మూడోవాడు ఎవరు?"

"ఓడలో పంపించే ఏజెంటు అని చెబుతాను," అన్నాడు మతార్ మా భాషలో. "ఇటాలియన్, పేరు తెలియదు. ఇన్‌స్పెక్టరుకు కావలసింది అదే. తప్పు నువ్వు నెత్తిన వేసుకో, కొన్నాళ్ళు జైల్లో ఉంటావు, అంతే. రేపు విచారణ గడిచిపోతే బిరాన్‌ను వదిలేస్తారు. పిన్నీ, నువ్వు నోరు తెరిస్తే మాత్రం ఆ అబ్బాయి నోరు ఇక తెరుచుకోదు."

పిన్నీ అన్నప్పుడు కూడా అతను నా వైపు చూడలేదు.

సీదీ అన్న చూశాడు. ఆ చూపులో ప్రశ్న లేదు. "రోఖయా, నా సంగతి వదిలెయ్," అన్నాడు. "వాణ్ణి వెతుకు. వీళ్ళు విచారణ అయ్యాక వదిలే రకం కాదు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"అవునంటున్నాడు," అన్నాడు మతార్. "అతన్ని తానే పంపించేశాడట. ఒక ఇటాలియన్ ఏజెంటు వచ్చి తీసుకుపోయాడట. ఓడ ఇప్పటికే బయల్దేరి ఉంటుందంటున్నాడు."

మీటలు గబగబా మోగాయి. కన్నాటా వాటిని ఆపమన్నట్టు వేలెత్తాడు.

"అంత పొడుగు మాటకు ఇంత పొట్టి అనువాదమా, అంత పొట్టి మాటకు ఇంత పొడుగా, నాకు అర్థం కాలేదు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఈసారి అతని మొహంలో వెటకారం లేదు. "మేడమ్, మీరు నాతో ఎప్పుడూ కొట్లాడుతూనే ఉంటారు. కాని ఇన్నేళ్ళలో మీరు నాకు అబద్ధం చెప్పడం నేను చూడలేదు. ఇతను చెప్పింది సరిగ్గా ఉందా?"

కోర్టుల్లో, దఫ్తరుల్లో, ఆసుపత్రి వరండాల్లో నేను ఇన్నేళ్ళు కాపలా కాసినది ఈ ఒక్కదానికే: మావాళ్ళ నోట్లోంచి వచ్చిన మాట అటువైపుకు మారకుండా చేరాలి. ఒక్క పదం తేడా వచ్చినా లేచి నిలబడి ఆపేదాన్ని. జడ్జీలు విసుక్కునేవాళ్ళు. వకీళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను కూర్చునేదాన్ని కాదు. నిజం చెప్పడానికి ధైర్యం కావాలని అప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు నిజం నా నాలుక చివరనే ఉంది, ఎంత తేలిగ్గా ఉందో. చెప్పేస్తే నా చేతులు శుభ్రంగా ఉంటాయి. మరో చోట, నేను చూడని గదిలో, ఒక మనిషి ఆ శుభ్రానికి వెల చెల్లిస్తాడు.

"సరిగ్గానే చెప్పాడు," అన్నాను.

కన్నాటా ఇంకొక క్షణం నా మొహాన్ని చదివాడు. ఏం చదివాడో తెలియదు. వేలు దించాడు. మీటలు మళ్ళీ మొదలయ్యాయి.

సీదీ అన్న తాను చెప్పని మాటల కింద సంతకం పెట్టాడు. కానిస్టేబుల్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పిన్ని బాగా అలసిపోయింది," అన్నాడు మతార్ ఇటాలియన్‌లో, కాగితాలు సర్దుకుంటూ. "నా కారు కిందనే ఉంది. నేను దింపేస్తాను."

"మంచిది," అన్నాడు కన్నాటా. "రేపు ఉదయం మీరూ ఒకసారి రావాలి మేడమ్. ఇవాళ పోయి పడుకోండి."

నేను మతార్ వంక చూశాను. అతను మొట్టమొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. గంట గడవబోతోందని, అతను ఫోన్ చెయ్యవలసిన వేళ దగ్గరపడిందని, ఎక్కడి నుంచి చేస్తాడో అక్కడే బిరాన్‌కు చేరే దారి ఉండవచ్చని ఆలోచించాను. అతను నన్నెందుకు కారులో రమ్మంటున్నాడో కూడా ఆలోచించాను.

"వస్తాను," అన్నాను.

తలుపు దగ్గర సీదీ అన్న ఆగాడు. కాలు ఈడ్చుకుంటూ సగం వెనక్కి తిరిగి, మా భాషలో అన్నాడు: "తల్లీ, ఆ కారు ఎక్కకు."

"ఏమంటున్నాడు?" అని అడిగాడు కన్నాటా.

"జాగ్రత్తగా వెళ్ళమంటున్నాడు," అని మతార్ అనువదించాడు.

నేను కోటు తొడుక్కున్నాను.